భూపతి, భూపాలుడు: వంశక్రమాగత రాజధనముపై తెలుగు కావ్యముల సాక్ష్యము

తెలుగు కావ్యములలో రాజునకు వాడబడిన పర్యాయపదములను రెండు రాసులుగా విడదీయవచ్చును. భూపతి, భూవల్లభుడు, ధరణీశుడు, మహీకాంతుడు మొదలగునవి ఒక రాశి. భూపాలుడు, క్ష్మాపాలుడు, మహీరక్షకుడు, గోప్త మొదలగునవి మరియొక రాశి. మొదటి వానియందు స్వామ్యము, రెండవ వానియందు కావలి ప్రధానార్థములు. కవులు గణములకును యతిప్రాసములకును ఏది కుదిరిన దానిని గ్రహించిరి. నిఘంటుకర్తలు అన్నింటిని ఒక్క వర్గమున చేర్చిరి. అందుచే పాఠకుడు ఈ భేదమును గమనింపక దాటిపోవుట సహజము. అయినను తాతతండ్రులనుండి రాజునకు సంక్రమించిన ధనమును భూమియు న్యాయమైన సొత్తగునా కాదా యను ప్రశ్న యంతయు ఈ రెండు రాసుల నడుమనే యున్నది. పతియైనవాని సొత్తు కొడుకునకు పోవును. పాలకుడైనవానినుండి కొడుకునకు పోదగినది పని మాత్రమే.

ఈ విచారము సాహిత్య విమర్శకు వెలియైనదని తలచువారు కలరు. వారిలో రెండు తెగలున్నవి. ప్రాచీన కవిత్వమంతయు రాజసేవయే గనుక రాజుల సొత్తునుగూర్చి దానిని సాక్ష్యమడుగుట వ్యర్థమని మొదటివారందురు. రాజులు పోషింపకున్న ఈ కవిత్వమే లేదు గనుక వారి సొత్తు న్యాయమా యని యడుగుట కృతఘ్నత యని రెండవవారందురు. ఈ యిరువురును గ్రంథములను విప్పి చూడకయే తీర్పు చెప్పుచున్నారని మా యభిప్రాయము. గ్రంథములందు ఈ ప్రశ్న పలుచోట్ల స్పష్టముగనే లేవదీయబడినది. ఒక్కొక్కచోట సమాధానము దొరకును. ఒక్కొక్కచోట సమాధానము కప్పబడినది. ఎచ్చట దొరకునో, ఎచ్చట కప్పబడినదో చూపుటయే ఈ వ్యాసమున మా యుద్యమము.

1. శాస్త్రమున భూమి

ముందుగా శాస్త్రపక్షమును చూతము. జైమిని మీమాంసాసూత్రముల ఆరవ యధ్యాయము ఏడవ పాదమున విశ్వజిద్యాగ విచారము కలదు. ఆ యాగమున యజమానుడు తన సర్వస్వమును దానము చేయవలెను. యజమానుడు రాజైనచో భూమిని గూడ దానము చేయవచ్చునా యను సంశయమునకు, చేయరాదని సిద్ధాంతము. భూమి యెల్లరకును సమానమైనదనుట యచ్చట చెప్పబడిన హేతువు. శబరస్వామి దీనిని వ్యాఖ్యానించుచు, క్షేత్రములకు స్వాములగు వారున్నారు గాని సమస్త పృథివికి స్వామియగువాడు లేడని విశదీకరించెను. రాజు చేయునది రక్షణము. ఆ రక్షణమునకు ప్రతిగా పంటలో భాగమును గైకొనును. బౌధాయన ధర్మసూత్రమును ఆరవ భాగమును భృతిగా గొని రాజు ప్రజలను రక్షింపవలెనని విధించినది. భృతియనగా జీతము. జీతగాడు తాను కాచు తోటకు యజమాని కాడు. పదునేడవ శతాబ్దమున నీలకంఠ భట్టు వ్యవహార మయూఖమున ఈ మతమునే స్థిరపరచి, గ్రామక్షేత్రములందలి స్వామ్యము భూమిగలవారిదేయనియు, రాజునకు కరగ్రహణ మాత్రమే గలదనియు నిర్ణయించెను. అడవి నరికి సాగుచేసినవానిదే పొలమని మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమునను కలదు.

ప్రతిపక్షమును దాచరాదు. అదే మనుస్మృతి ఎనిమిదవ యధ్యాయమున నిధులను గూర్చి చెప్పుచు రాజును భూమికి అధిపతి యన్నది. కాత్యాయనుడును రాజును భూస్వామిగా పేర్కొనెను. కాని కాత్యాయనుడు ఆ స్వామ్యమునకు ఫలముగా చెప్పినది పంటలో ఆరవ వంతే. స్వామి యన్న పేరున్నను చేతికి వచ్చునది రక్షకుని జీతమే. కావున శాస్త్రకారులలో మాటకు భేదమున్నంత, ఫలమునకు భేదము లేదని చెప్పవచ్చును.

ఇక వారసత్వమును గూర్చి. తనది కాని దానిని తండ్రి కొడుకున కీయజాలడనుట లోకన్యాయము. దీనికి తోడు దాయభాగ శాస్త్రమున మరియొక యుపపత్తి కలదు. విజ్ఞానేశ్వరుని మితాక్షర ప్రకారము పైతృకమైన సొత్తునందు కొడుకు లందరకును పుట్టుకతోడనే హక్కు కలదు. రాజ్యమో జ్యేష్ఠునకే చెందుట యాచారము. రాజ్యము నిజముగా ఇంటిసొత్తే యైనచో తమ్ములకు పాలు లేకుండుటకు కారణమేమి? తమ్ములకు పాలు లేదన్న యాచారమే రాజ్యము ఇంటిసొత్తు కాదనుటకు గట్టి సాక్ష్యము. ఒక పదవిని ఇరువురు కూర్చుండి పంచుకొనరాదు. ఒక పొలమును పంచుకొనవచ్చును.

భారతకథను ఈ వెలుగున చదివినచో కొంత క్రొత్తగా కనబడును. తిక్కన ఉద్యోగపర్వమున రాయబారములన్నియు పంపకమును గూర్చినవే. పాండవులు కడపట అయిదూళ్ళకు దిగివచ్చిరి. దుర్యోధనుడు సూదిమొన మోపునంత నేలయు నీయననెను. ఇరుపక్షముల వాదమును దాయాదుల వాదమే. ధృతరాష్ట్రుని యంధత్వము, పాండుని పట్టాభిషేకము, పుట్టుకలలోని ముందువెనుకలు మొదలగు విషయములు సభలో తర్కింపబడినవి. ఆ యయిదూళ్ళ కాపులు ఎవరి యేలుబడిని కోరుదురను మాట ఏ రాయబారి నోటను రాలేదు. పదవిని పొలమువలె పంచుకొనజూచుటచే పదునెనిమిది యక్షౌహిణులు నశించినవని చెప్పినచో కథకు అన్యాయము చేసినట్లు కాదు.

2. యామునుని రెండు సొత్తులు

తెలుగున ఈ విషయమునకు అన్నింటికంటె ముఖ్యమైన సాక్ష్యము ఆముక్తమాల్యదయందలి యామునాచార్యోపాఖ్యానమని మేము తలంతుము. దీనిని రాజనీతి కొరకు చదువుట పరిపాటి. వారసత్వ విచారము కొరకు చదివినవారు అరుదు.

ఈ కావ్యకర్త స్వయముగా చక్రవర్తి. 1505లో అన్న వీరనరసింహరాయలు సింహాసనమెక్కగా, 1509లో కృష్ణదేవరాయలు ఎక్కెను. వారి తండ్రి తుళువ నరసనాయకుడు సాళువరాజుల యొద్ద సేనాపతియై, వారి పేర రాజ్యము నడపినవాడు. అనగా రాయల కుటుంబమునకు ఆ సింహాసనము తాతలనాటి సొత్తు కాదు. ఇట్టివాడు వారసత్వమును గూర్చి యేమి చెప్పెనో చూచుట యావశ్యకము.

కథ విదితమే. బాలుడగు యామునుడు పాండ్యరాజ సభలో వాదమున గెలిచి, రాజు సోదరిని, అర్ధరాజ్యమును బడసెను. తరువాత భోగములందు మునిగియుండెను. శ్రీరామమిశ్రుడను వైష్ణవుడు వంటవారి చేతికి ప్రతిదినము అలర్కశాకము నందించి, ఆ మార్గమున రాజదర్శనము సంపాదించెను. నీ పెద్దలు నీకొరకు దాచిన నిధి యొకటి యేటినడుమ నున్నది, చూపెదను రమ్మని పిలిచి, శ్రీరంగమునకు గొనిపోయి రంగనాథుని చూపెను. ఇదియే మీ తాత నాథముని నీకు విడిచిన ధనమనెను.

ఇందలి కూర్పును పరిశీలింతము. యామునునకు రెండు సొత్తులు కలవు. ఒకటి రాజ్యము, అది స్వార్జితము, విద్యచే గెలువబడినది. రెండవది నిధి; అది పైతృకము, అది దైవము. లోకమున రాజునకు రాజ్యమే పైతృకము. భక్తి తాను సంపాదించుకొనునది. రాయలు దీనిని తలక్రిందులు చేసెను. తాతసొత్తు ఏదియన్న ప్రశ్నకు రాజ్యము సమాధానము కాదని ఒక చక్రవర్తి కావ్యము చెప్పుచున్నది. నిధి యన్న మాట వినినంతనే రాజు కదలినాడనుటలో గూఢమైన పరిహాసమును లేకపోలేదు. పెద్దలు దాచిన ధనమనిన ఏ రాజునకు కాళ్ళు నిలుచును?

అయితే కథ అచ్చట ముగియదు. యామునుడు విరక్తుడై రాజ్యమును కొడుకునకు అప్పగించెను. తండ్రికి స్వార్జితమైనది కొడుకునకు పైతృకమైనది. ఏ సొత్తు పైతృకము కాదని ఇంతవరకు కథ చూపెనో ఆ సొత్తే ఇప్పుడు వంశక్రమమున పోవుచున్నది. ఈ బీటను కవి గుర్తించెననియే మా విశ్వాసము. లేనిచో ఆ స్థలముననే రాజనీతి యంతయు విస్తరింపజేయుటకు వేరు కారణము కనబడదు. కొడుకునకు తండ్రి ఇచ్చినది మణుల జాబితా కాదు, మేడల జాబితా కాదు. దేశము చిన్నదైనను చెరువులు, కాలువలు త్రవ్వింపవలెననియు, బీదరైతునకు అరికోరులలో తగ్గింపు చూపి నిలుపవలెననియు, ఆదాయమును నాలుగు పాళ్ళు చేసి ఒకటి దానభోగములకును, రెండు సైన్యమునకును, ఒకటి బొక్కసమునకును వినియోగింపవలెననియు చెప్పెను. రాజ్యముతోపాటు పనుల పట్టికను ఒప్పగించినాడు. వంశక్రమమున వచ్చినవాడు ఆ పనులచేతనే దానిని మరల ఆర్జించుకొనవలెనని భావము.

ఇంతవరకు కావ్యమునకు మెప్పు. ఇక లోపము. ఆ నాలుగు పాళ్ళ లెక్కలో దానమును భోగమును ఒక్క మూటగా కట్టబడినవి. అందు దేనికెంతయో నిర్ణయము లేదు. సగము సైన్యమునకు పోయినది. రైతునకు తగ్గింపు చూపుమన్న కారణములో ధర్మముతోపాటు అర్థమును కలదు. రైతు నిలిచిన రాజునకు రాబడి పెరుగునని లెక్క. ఈ లెక్కను రాజు తప్పినచో అడుగువాడెవడు? కావ్యమున ఆ పాత్ర లేదు.

అడుగువాడు లేనిచో నేమగునో అన్యదేశీయుల వ్రాతలనుండి కొంత తెలియును. రాయల యనంతరము, 1535 ప్రాంతమున విజయనగర వృత్తాంతము వ్రాసిన నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు, భూమియంతయు రాజుదేయనియు, నాయకులు దానిని రాజుచేతినుండి పొందుదురనియు, సేద్యగాండ్రు తమ దొరలకు పదింట తొమ్మిది పాళ్ళు చెల్లింతురనియు తెలిపెను. ఆతడు విదేశీయుడు, భూమిహక్కుల సూక్ష్మములు ఆతనికి పూర్తిగా తెలిసియుండవు. ఊరూరి శాసనములతో పోల్చక ఆ పదింట తొమ్మిదిని యథాతథముగా గ్రహింపరాదు. కాని శాస్త్రము చెప్పిన ఆరింట ఒకటికిని, ఆతడు వినిన పదింట తొమ్మిదికిని నడుమనున్న దూరమును, అంకెలు కొంత తగ్గించినను, పూడ్చలేము. ఆముక్తమాల్యద తన కర్తయొక్క రాజ్యమునే కొలుచుటకు చాలిన కొలబద్దను ఇచ్చినది. ఆ కొలబద్దకు రాజ్యము చాలకపోవుట కావ్యమునకు దోషము కాదు. దాని ప్రామాణికతకు గుర్తు.

3. బలిదానమున నేల యెవరిది?

పోతన యష్టమస్కంధమున వామనచరిత్రము దాతృత్వమునకు నిదర్శనముగా పాఠశాలలనుండి చదువబడుచున్నది. శుక్రాచార్యుడు వారింపగా, పూర్వపు రాజులు రాజ్యములు గలిగి గర్వించి చనిరిగాని వెంట నేమియు గొనిపోలేదని బలి పలికిన సందర్భము తెలుగువారి నోట నిలిచినది. దానిని వైరాగ్యబోధగా గ్రహించుట సరియే. కాని అందు స్వామ్యమును గూర్చిన తర్కమును కలదు. ఎవడును వెంట గొనిపోలేని దానిని ఎవడైనను పూర్తిగా తనదనుట ఎట్లు? చచ్చినవాని పిడికిలి విడిచిన దానిని కొడుకు పిడికిట పట్టుట హక్కా, అలవాటా?

ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. భాగవతకథలో బలి స్వర్గమును జయించుటకు సాధనములైన రథాదులను పొందినది విశ్వజిద్యాగము వలన. మీమాంసలో భూమిని దానము చేయరాదని నిషేధింపబడినదియు విశ్వజిద్యాగమునందే. ఈ రెండింటిని పురాణకర్త యుద్దేశించి కలిపెనో లేదో నిర్ణయింపజాలము. కాని కలిపి చదివినచో మూడవ యడుగునకు చోటు లేకపోవుట క్రొత్త యర్థమును పొందును. మూడడుగుల నేల యిచ్చెదనన్నవాడు మూడవ యడుగును చూపలేకపోయెను. త్రిలోకాధిపతికి సొంతమని చెప్పదగినది చివరకు తన శిరస్సొక్కటే యయ్యెను.

దీనికి భక్తులు చెప్పు సమాధానము, భూమికి స్వామి విష్ణువే యని. ఈ సమాధానము రాజుయొక్క గర్వమును దించును. రైతుయొక్క బరువును మాత్రము దింపదు. దేవునిదన్న నేల దేవాలయమునకు మాన్యమయ్యెను, బ్రాహ్మణునకు అగ్రహారమయ్యెను. రాజు దానము చేసినది తన నేలను కాదు. రైతు చెల్లించు భాగమును తాను పొందు హక్కును. దున్నువాడు మునుపటి వాడే. కొలిచి పుచ్చుకొనువాడు మాత్రము మారెను. అట్టి యీనాములు ఆంధ్రప్రాంతమున 1956 నాటి చట్టముచే రద్దై రైత్వారీలోనికి మారువరకు, ఈ దానఫలము తరతరములుగ ననుభవింపబడినది. దానశాసనములు చివర పెట్టు శాపోక్తులు గూడ ఈ దృష్టితో చదువదగినవి. భూమిని ఎందరో రాజులు ఇచ్చిరనియు, ఎప్పుడెవరి దగునో అప్పుడు వారిదే ఫలమనియు చెప్పుచు, దత్తభూమిని హరించువానిని నరకమునకు పంపుచున్నవి. రాజుల స్వామ్యము నిలుకడ లేనిదని వారి శాసనములే చెప్పుకొన్నవి. ఆ నిలుకడలేమినుండి దానమును కాపాడుటకే శాపము కావలసివచ్చినది.

4. గుత్తకు దున్నిన కవిసార్వభౌముడు

రాజధనమును కవి పైనుండి చూచినట్లు క్రిందినుండి చూచిన ఘట్టము మన సాహిత్యమున ఒకటి కలదు. శ్రీనాథుడు కొండవీటి పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారి. ప్రౌఢదేవరాయల యొద్ద కనకాభిషేకమును పొందినవాడు. రెడ్డిరాజ్యములు అంతరించిన పిమ్మట ఆతడు కృష్ణాతీరమున బొడ్డుపల్లిని గుత్తకు గొనెననియు, ఏటి వరదయు పిట్టలును పంటను హరింపగా, ఏడునూరుల టంకముల సుంకము చెల్లింపలేక వీథిలో శిక్షింపబడెననియు ఆతనిపేర ప్రసిద్ధమైన చాటువు తెలుపుచున్నది. చాటువుల కర్తృత్వము సర్వదా నిర్ధారితము కాదు. ఇది శ్రీనాథునిదే యైనను, ఆతని దుస్థితికి చలించిన వేరొకనిదైనను, మన విచారమునకు దాని విలువ తగ్గదు.

ఆ చాటువు నిర్మాణమును గమనింపుడు. ఒకనాడు రాజసన్మానమును పొందిన యవయవములే ఒక్కొక్కటిగా ఇప్పుడు శిక్షను పొందినట్లు చెప్పబడినది. సన్మానించిన చేయియు శిక్షించిన చేయియు ఒక్క రాజువి కావు. కాని రెండును ఒక్క బొక్కసపు చేతులే. సన్మానించిన బంగారము ఎక్కడినుండి వచ్చెనో, సుంకము చెల్లింపలేని నాడు కవికి తెలిసెను. బొడ్డుపల్లి గుత్తదారుకు పట్టిన గతియే పేరులేని గుత్తదారు లెందరికో పట్టియుండును. వారి కొరకు చాటువు లేదు. కవి రైతైనందున ఒక్క పద్యము మిగిలినది.

పోతన కర్షకకవి యను ప్రతీతియు, భాగవతమును నరాంకితము చేయక శ్రీరామున కర్పించుటయు ఈ ప్రక్కన పెట్టి చదువదగినవి. ధూర్జటి శతకమున రాజులపై గల యేవగింపును ఇట్టిదే. వీరెవ్వరును రాజధనము న్యాయమా యని శాస్త్రరీతిని విచారింపలేదు. దానిని తినుట తమకు సహింపదని మాత్రము చెప్పిరి.

5. చట్టము పాలకుని పతిగా మార్చిన విధము

మన ప్రశ్న గ్రంథములందే నిలిచిపోలేదు. 1802లో మద్రాసు ప్రభుత్వము శాశ్వత పైసలా నిబంధనను గావించినప్పుడు, అంతకుముందు శిస్తు వసూలుచేసి పైవారికి చెల్లించు జమీందారులు, నిర్ణీతమైన పేష్కష్ చెల్లించు భూస్వాములుగా గుర్తింపబడిరి. మన మాటలలో చెప్పవలెనన్న, భూపాలురు సనదు చేతికి రాగానే భూపతులైరి. 1904 నాటి చట్టము పేర్కొన్న జమీలను విభజింపరాని వానిగా స్థిరపరచినది. పదవికి తగిన జ్యేష్ఠాధికారమును, సొత్తునకు తగిన స్వామ్యమును ఒక్కచోట చేరినవి. రెండింటి లాభమును జమీందారునకు. రెండింటి భారమును రైతునకు.

1908 నాటి ఎస్టేట్సు భూమి చట్టము రైతుల సాగుహక్కునకు కొంత రక్షణ నిచ్చినది. టంగుటూరి ప్రకాశము పంతులు అధ్యక్షతను గల సంఘము 1938లో నివేదిక సమర్పించుచు, జమీందారు శిస్తు వసూలు చేయువాడే గాని భూమికి యజమాని కాడనియు, భూమి రైతుదేయనియు తేల్చినది. శబరస్వామి తేల్చినదియు దాదాపు ఇదియే. ఒకరు యాగవిధిని, ఒకరు శిస్తు లెక్కలను ముందిడుకొని ఒక్క నిర్ణయమునకు వచ్చుట యాకస్మికమని మేము తలపము. 1948లో జమీందారీ రద్దు చట్టము మద్రాసున వచ్చినది. హైదరాబాదున, 1946లో మొదలైన తెలంగాణ రైతాంగ సాయుధపోరాటము నడచుచుండగనే, 1949లో జాగీర్లు రద్దయ్యెను. నిజాము సొంత భూములగు సర్ఫేఖాసు అదే సంవత్సరమున దివానీ పరిపాలనలో కలుపబడెను. 1951లో రాజ్యాంగపు మొదటి సవరణ ఇట్టి చట్టములకు రక్షణ కల్పించెను. 1971లో ఇరువదియారవ సవరణచే రాజభరణములును రద్దయ్యెను.

ఇచ్చట ప్రతిపక్షి చెప్పు మాటలలో బలముగలవి రెండు కలవు. మొదటిది: తాతనాటి పొలము రైతుకొడుకునకు చెందుట న్యాయమైనచో, తాతనాటి సంస్థానము రాజుకొడుకునకు చెందుట ఎట్లన్యాయము? దీనికి సమాధానము మూలమున కలదు. రైతు పొలమును సాగులోనికి తెచ్చినది ఆతని కుటుంబపు కష్టము. కొడుకు దానిని కొనసాగించును. సంస్థానమున కొడుకునకు సంక్రమించునది ఇతరుల కష్టమునుండి భాగమును గైకొను హక్కు. రెండింటికిని వారసత్వమను పేరొక్కటే. సంక్రమించు వస్తువు వేరు. ఈ తర్కము రైతునకును వర్తించునని మరువరాదు. తాను దున్నక, వందల యెకరములను కౌలుకిచ్చి కూర్చుండు పెద్ద రైతు చిన్న రాజే. 1973 నాటి భూపరిమితి చట్టమునకు న్యాయాధారము ఇదియే.

రెండవది: విలీన సమయమున భారతప్రభుత్వము రాజులకు మాట యిచ్చినది, రాజ్యాంగమునందే దానిని వ్రాసినది, దానిని రద్దుచేయుట మాట తప్పుట కాదా? 1970లో సర్వోన్నత న్యాయస్థానము రాజుల గుర్తింపును రాష్ట్రపతి యుత్తరువుచే రద్దుచేయుట చెల్లదని తీర్పు చెప్పుటయు, తరువాతనే రాజ్యాంగ సవరణ కావలసివచ్చుటయు ఈ వాదమునకు బలము నిచ్చును. మాట యిచ్చుట నిజము. ఆ మాటనుబట్టి సంస్థానములను వదలుకొన్నవారికి బ్రతుకు తెరువు చూపుట న్యాయమని మేము అంగీకరింతుము. కాని ఒకతరము చేసిన త్యాగమునకు పుట్టబోవు తరములన్నియు భరణము పొందవలెననుట, త్యాగమును గూడ వంశపు సొత్తుగా మార్చుటయే.

అంతటితో చిక్కు తీరలేదు. భూమి, భరణము పోయినను మేడలు, మణులు, నిక్షేపములు సొంత సొత్తులుగా మిగిలినవి. నిజాము నగలను భారతప్రభుత్వము 1995లో 218 కోట్ల రూపాయలకు కొనవలసివచ్చినది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు పక్షమున లండనులోని బ్యాంకునకు, పాకిస్తాను హైకమిషనరు పేర మార్చబడిన పదిలక్షల పౌనులు వడ్డీతో పెరిగి దాదాపు మూడుకోట్ల యేబదిలక్షల పౌనులైనవి. 2019లో ఆంగ్ల న్యాయస్థానము ఆ ధనము పాకిస్తానుది కాదనియు, ఏడవ నిజాము పక్షమున హక్కు చెప్పుకొన్న ఆతని మనుమలకును భారతదేశమునకును చెందుననియు తీర్పునిచ్చినది. న్యాయస్థానము తన ముందున్న వ్యాజ్యమును తీర్చినది. దానిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కాని ఆ తీర్పును చదువునప్పుడు ఉద్యోగపర్వము స్మృతికి రాక మానదు. మరల దాయాదులు, మరల రాయబారులు, మరల పంపకము. ఆ ధనమునకు మూలమైన శిస్తు చెల్లించిన పల్లెలు ఆ సభలోను లేవు, ఈ సభలోను లేవు.

6. మన ఋణము

ఈ విచారమును ముగించుటకు ముందు మనవైపు చూచుకొనవలెను. తెలుగు శాఖలందు మనము చేయు పనిలో సగము రాజధనముపై నిలిచియున్నది. పిఠాపురపు రాజావారి పోషణచే ఆంధ్రసాహిత్య పరిషత్తు సూర్యరాయాంధ్ర నిఘంటువును కూర్చినది. అది బల్లపై లేక మనకు ఒక దినమును గడవదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు జయపురపు విక్రమదేవ వర్మ విరాళములు లోకవిదితములు. పెద్దనకు కోకట గ్రామము అగ్రహారముగా వచ్చినదని ప్రసిద్ధి. గురజాడ విజయనగర సంస్థానపు కొలువుననుండియే కన్యాశుల్కమును ఆనందగజపతి కంకితము చేసెను. సంస్థానపు వారసత్వ వ్యాజ్యపు పనులను నెత్తికెత్తుకొనెను. దేశమును నేలతో గాక దానిపై బ్రదుకువారితో గుర్తించిన కవి, ఒక సంస్థానము ఎవరికి చెందవలెనను కాగితములతో ఏండ్లు గడపెను. ఆ కాగితములు ఆతనికి నేర్పినదేమో గీతమునందు వెదకుట అనుచితము కాదు.

ఇట్టి ఋణముగల మనము రాజధనమును అన్యాయమనుట కృతఘ్నతయా? కాదని మా నిశ్చయము. ఋణమును రెండుగా విడదీయవలెను. ఏ గ్రంథము నచ్చొత్తింపవలెనో, ఏ పండితుని పిలువవలెనో తెలిసికొన్న వివేకము పోషకునిది. దానికి మన కృతజ్ఞత ఆతనికి చెందవలెను. నిఘంటువునకు వెచ్చించిన రూపాయి పిఠాపురపు జమీ రైతుది. దానికి మన కృతజ్ఞత వానికి చెందవలెను. మొదటి ఋణమును పీఠికలలో తీర్చుచునే యున్నాము. రెండవదానిని గుర్తించిన పీఠిక మేము చూచినవానిలో కానరాలేదు. కావ్యావతారికలలో కృతిపతి వంశము ఏడు తరములు వర్ణింపబడినది. ఆ కృతికి కాగితము, కంటము, కూడు సమకూర్చిన ఊళ్ళ పేరులు లేవు.

కావున వారసత్వముగా వచ్చిన రాజధనమును తూచుటకు మేము మూడు ప్రశ్నలను ప్రతిపాదించుచున్నాము. మూలమేది? భారమెవరిది? వెంటవచ్చిన ధర్మమేది? మూలము స్వకష్టమై, భారము ఇతరులపై పడక, ధర్మము నెరవేరుచున్నచో ఆ సొత్తు న్యాయమైనది. రాజభూమి మొదటి రెండు ప్రశ్నలకును నిలువలేదు. మూడవదానికి కొందరు రాజులు నిలిచిరి. చెరువు త్రవ్వించినవారు, నిఘంటువు కూర్పించినవారు అట్టివారు. ధర్మము నెరవేర్చుటచే ఆ రాజులు మంచివారైరి. సొత్తు న్యాయమైనది కాలేదు. ఈ రెండు వాక్యములను విడిగా నుంచుటయే విమర్శకుని పని.

పరిశోధక విద్యార్థులకు ఇందు చేయదగిన పని యెంతయో కలదు. ఒక్కొక్క కావ్యావతారికను తీసికొని, ఆ కృతిపతి కాలపు శాసనములలోని పన్నుల పేరులతోను, మెకంజీ సేకరించిన కైఫియతులతోను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. కావ్యమున భూకాంతయై వర్ణింపబడిన నేల, శాసనమున ఎన్ని పుట్ల విత్తనపు నేలయో, కైఫియతులో ఎన్నిమారులు పాడుపడి మరల కట్టబడిన యూరో తెలియును. పతిశబ్దమును పాలశబ్దమును ఏ కవి యెచ్చట వాడెనో, అది ఛందస్సు కొరకో భావము కొరకో, లెక్కించి చూపవచ్చును. అట్టి లెక్కలు తేలిననాడు పైన మేము చేసిన నిర్ణయములలో కొన్ని సవరింపవలసి రావచ్చును. అందుకు మేము సిద్ధముగనే యున్నాము. అంతవరకు భూపతి యను మాట కనబడినచోట నొక్క క్షణము ఆగి, ఆ భూమిని దున్నినదెవరని యడిగి ముందునకు సాగుట చదువరి కనీసధర్మమని విన్నవించుచున్నాము.